నాలుగున్నర స్టార్లూ, చల్లారిపోయిన బటర్ నానూ

పోయిన ఆగస్టులో ఆఫీసు పని మీద వారం రోజులు బెంగుళూరు వెళ్ళాల్సొచ్చింది. ఇదివరకైతే బ్యాగు భుజానికి తగిలించుకుని రాత్రి బస్సెక్కేసేవాణ్ణి. ఈసారి మా ఆవిడ "మేమూ వస్తాం, ఈ హైదరాబాదులో నాలుగ్గోడలు చూసీ చూసీ విసుగొచ్చేసింది" అంది. మా అమ్మాయికి అప్పటికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. సరే అని ముగ్గురం బయల్దేరాం. కంపెనీ వాళ్ళు జయనగర్ వైపు ఇచ్చిన రూములో నీళ్ళు కాచుకునే కెటిల్ తప్ప ఇంకేం లేదు. అంటే వారం పాటు మూడు పూటలా బయట తిండే అన్నమాట. ఆ వారంలో నాకర్థమైంది ఏంటంటే, చిన్నపిల్లల్ని తీసుకుని పరాయి ఊరు వెళ్ళినప్పుడు మంచి హోటలంటే ఏంటో నాకసలు తెలీదు. మీలో చాలామందికీ తెలీదనే నా అనుమానం. కోప్పడకండి, పూర్తిగా చదివాక తిట్టండి.

మొదటి ఆదివారం సాయంత్రం సంగతి. మనం ఇంజనీర్లం కదా, ఏం చేసినా ముందు డేటా చూడాలి. ఫోను తీసి 'ఫ్యామిలీ రెస్టారెంట్' అని కొట్టి, రేటింగు నాలుగున్నర పైన, రివ్యూలు వెయ్యి పైన, దూరం ఐదు కిలోమీటర్ల లోపు అని వడగట్టి ఒకటి పట్టాను. పేరు చెప్పను. వాళ్ళ తప్పు సగమే, మిగతా సగం నాది. పిల్లలకు అనువైనది అని ఉంది, హై చైర్లున్నాయి అని ఉంది, లోపల ప్లే ఏరియా కూడా ఉందట. ఇంకేం కావాలి?

ఏడుంబావుకి చేరాం. పేరు రాయించుకుని బయట కూర్చోమన్నారు. పావుగంట అన్నది నలభై నిమిషాలైంది. లోపలికెళ్ళాక ఆర్డరు తీసుకోవడానికి పది నిమిషాలు, తిండి రావడానికి మరో అరగంట. ప్లే ఏరియా అంటే ఒక జారుడుబల్ల, ఓ ప్లాస్టిక్ బంతుల తొట్టి. అందులో ఏడెనిమిదేళ్ళ పిల్లలు కుస్తీ పట్లు పడుతున్నారు. మా దాన్ని దింపగానే ఒకడు గుద్దేశాడు. హై చైరు ఉంది గానీ దాని బెల్టు ఎప్పుడో ఊడిపోయింది. కాబట్టి ఒకరు పట్టుకునే ఉండాలి. మధ్యలో డయపర్ మార్చాల్సొచ్చింది. నేను తీసుకెళ్తానని వీరుడిలా లేచాను. తీరా చూస్తే మార్చే పలక లేడీస్ టాయిలెట్‌లో మాత్రమే ఉంది. మళ్ళీ మా ఆవిడే లేచింది.

చివరికి ఎనిమిదిన్నర దాటాక ప్లేట్లొచ్చాయి. "కారం అస్సలొద్దు, చిన్నపాపకి" అని రెండుసార్లు చెప్పిన పప్పులో పచ్చిమిరపకాయలు నిలువునా చీల్చి వేసున్నాయి. మా అమ్మాయి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఊసేసి, ఇక మొదలెట్టింది. ఆకలి, నిద్ర, కారం మూడూ కలిస్తే రెండున్నరేళ్ళ పిల్ల ఎలా ఏడుస్తుందో పిల్లలున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్క టేబులాయన చెంచా కింద పెట్టి మా వైపే చూస్తున్నాడు. మా ఆవిడ పాపని ఎత్తుకుని బయట వరండాలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేనేం చేశానో చెప్పాలి. తిన్నాను. బిర్యానీ వేడిగా ఉంది, చల్లారిపోతుంది, వేస్టవుతుంది, ఒకరి తర్వాత ఒకరు తింటే సరిపోతుంది కదా అని లాజిక్ చెప్పుకుని శుభ్రంగా తినేశాను. ఇరవై నిమిషాల తర్వాత తను పాపని భుజాన నిద్రపుచ్చుకుని వచ్చింది. నేను పాపని అందుకున్నాను. తను కూర్చుని బటర్ నాన్ తుంచబోతే తెగలేదు, సాగింది. ఏమీ అనలేదు. సగం తిని చాలంది.

ఆటోలో వస్తుంటే మాత్రం నెమ్మదిగా అడిగింది, "ఇది పుట్టాక బయటికెళ్ళినప్పుడు నేను వేడిగా తిన్న భోజనం ఒక్కటి గుర్తుందా నీకు?" అని.

నాకు గుర్తు రాలేదు. నేను వేడిగా తిన్నవి మాత్రం బోలెడు గుర్తున్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ హోటలు రివ్యూలు మళ్ళీ తీశాను. ఈసారి ఏం తిన్నారన్నది కాకుండా ఎవరు రాశారన్నది చూశాను. పుట్టినరోజు పార్టీకొచ్చిన ఫ్రెండ్సు, ఆఫీసు టీం లంచ్‌లు, జంటలు. అందరూ గంటన్నర కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళే. వాళ్ళకి నలభై నిమిషాల వెయిటింగు ఒక లెక్క కాదు, ఇంకా మంచిదే. 'యాంబియన్స్ అదిరింది' అని ఐదు స్టార్లిచ్చారు, అబద్ధమేం కాదు. నేనూ అలాంటివాణ్ణే. 2019లో ఇంజనీరింగ్ అయి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు గచ్చిబౌలిలో ఓ హోటలుకి రాసిన రివ్యూ ఒకటి ఉండాలని గుర్తొచ్చి వెతికాను. దొరికింది. 'ఫుడ్ బావుంది, కానీ పక్క టేబుల్లో పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు, మేనేజ్‌మెంట్ పట్టించుకోవాలి' అని మూడు స్టార్లిచ్చాను! ఆ పిల్లాడి తల్లి ఆ రోజు ఏం తినుంటుందో అన్న ఆలోచన అప్పట్లో ఏ కోశానా లేదు.

ఇక అసలు విషయానికొస్తా. మన భాషలో చెప్పాలంటే, పిల్లలతో వెళ్ళే హోటలుకి కొలవాల్సింది రుచి కాదు, లేటెన్సీ. కూర్చున్న క్షణం నుంచి పిల్ల నోట్లో మొదటి ముద్ద పడేదాకా ఎంతసేపు? అదొక్కటే నంబరు. పది నిమిషాల లోపైతే మిగతావన్నీ సర్దుకుపోవచ్చు. ఇరవై దాటితే ప్లే ఏరియాలో ఏనుగుని కట్టేసినా లాభం లేదు. అసలు ప్లే ఏరియా ఎందుకు పెడతారు? తిండి లేటవుతుంది గనక. సర్వర్ స్లోగా ఉంటే దాన్ని బాగుచేయకుండా స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే బొమ్మ పెడతామే, అలాంటిదే ఇదీనూ :)

మన పెళ్ళి బంతులు గుర్తు తెచ్చుకోండి. వందల మంది జనం, గోల, మధ్యలో పిల్లలు. అయినా బంతిలో కూర్చున్నాక పిల్లలు ఆకలికి ఏడవడం ఎప్పుడైనా చూశారా? ఆకు వేసిన రెండు నిమిషాల్లో ఏదో ఒకటి పడుతుంది. పెద్దవాళ్ళు నెయ్యి కోసం ఆగుతారు గానీ పిల్లలు అప్పటికే బూరె చేతిలో పట్టుకుని ఉంటారు. అక్కడ హై చైరూ లేదు, కిడ్స్ మెనూ లేదు. వడ్డన వేగంగా ఉంది, అంతే.

కిడ్స్ మెనూ అంటే గుర్తొచ్చింది, దీని మీద నాకు పీకల్దాకా కోపం ఉంది. ఏ హోటల్లో చూడండి, ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్, చీజ్ వేసిన పాస్తా, పైన చాక్లెట్ షేక్. ఇడ్లీ, పెరుగన్నం, నెయ్యన్నం లాంటివి పుట్టిన దేశంలో పిల్లల తిండి అని పేరు పెట్టి నూనెలో వేయించిన బంగాళాదుంప పెట్టడం ఏంటండీ? ఆవిరి మీద ఉడికింది, మెత్తగా ఉంటుంది, గొంతుకడ్డం పడదు, కారం లేదు, పొద్దున్నైతే రెడీగా ఉంటుంది. ఇడ్లీని మించిన కిడ్స్ మెనూ ఎవరైనా కనిపెడితే నాకు చెప్పండి.

ఇదంతా రాత్రి రెండింటికి పైకే అంటుంటే మా ఆవిడ "పడుకో, పొద్దున్నే ఇడ్లీ తిందాం" అంది.

ఆ లెక్కన చూస్తే బెంగుళూరు పిల్లలకి స్వర్గం. ఆ ఊళ్ళో దర్శిని అని ఒక తరహా హోటళ్ళున్నాయి, 1980ల నుంచీ ఊరంతా పాకిపోయాయి. డబ్బు కట్టి టోకెన్ తీసుకుని కౌంటర్లో ఇస్తే ఇడ్లీ మూడు నిమిషాల్లో చేతికొస్తుంది. మనకి కావాల్సిన లేటెన్సీ అదే. కాకపోతే ఒక చిక్కు. చాలా వాటిల్లో నిలబడి తినాలి, ఆ బల్లలు పెద్దవాళ్ళ ఛాతీ ఎత్తుకుంటాయి. ఒకరు పిల్లనెత్తుకుంటే ఇంకొకరు తినిపించాలి, ఇద్దరికీ చేతులు ఖాళీ ఉండవు. అందుకని మేం దర్శినిల్లో కూడా నాలుగు కుర్చీలేసినవి వెతుక్కున్నాం. జయనగర్, బసవనగుడి వైపు వీధికొకటి దొరికింది. శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ గురించి మీరు వినే ఉంటారు. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, అంతే మెనూ. సాంబారు కూడా ఉండదు, చట్నీయే. కూర్చోవడానికి టేబుళ్ళు లేకపోయినా బయట ఎక్కడో ఓచోట చతికిలబడి పాపకి ఇడ్లీ కేసరిబాత్‌లో నంజి పెట్టాం. నవ్వకండి, రెండు ఇడ్లీలు తినేసింది. తనకి అది స్వీటన్నమాట.

మంగళవారం పొద్దున్న ఆరున్నరకల్లా లాల్‌బాగ్‌లో ఉన్నాం. పిల్ల ఎలాగూ ఐదున్నరకే లేపేస్తుంది, ఆ శాపాన్ని వరంగా మార్చుకోవడం అప్పుడే నేర్చుకున్నాం. 240 ఎకరాల తోట, దాన్ని మించిన ప్లే ఏరియా ఎవడు కడతాడు! గంటసేపు ఉడతల వెనక పరిగెత్తించి, ఆకలి సరిగ్గా పండిన టైముకి పక్కనే లాల్‌బాగ్ రోడ్డులో ఉన్న ఎం.టీ.ఆర్.కి వెళ్ళాం. 1924 నాటి హోటలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కరువొస్తే బొంబాయి రవ్వతో ఇడ్లీ చేశారనీ, రవ్వ ఇడ్లీ అలా అక్కడే పుట్టిందనీ చెప్తారు. శనాదివారాలు అక్కడ జనం ఎలా ఉంటారో అందరికీ తెలుసు, సోమవారం సెలవు. అందుకే మామూలు రోజు, అదీ పొద్దున్నే వెళ్ళాలి. ఒకే హోటలు ఆదివారం పదింటికి ఒకలా, మంగళవారం ఏడున్నరకి ఇంకోలా ఉంటుంది. రేటింగులో ఈ తేడా కనపడదు. ఏ టైముకి వెళ్ళామన్నది ఏ హోటలుకి వెళ్ళామన్నదాని కన్నా ముఖ్యం అని నాకు గట్టిగా తెలిసొచ్చింది ఇక్కడే. ఊరి జనం కన్నా గంట ముందు తినేయాలి. పొద్దున్న ఏడున్నర, మధ్యాహ్నం పన్నెండు, రాత్రి ఆరున్నర. ఆరున్నరకి రాత్రి భోజనమా అని మా ఫ్రెండ్సు నవ్వారు. నవ్వనివ్వండి, ఆ టైములో వంటవాళ్ళు ఖాళీగా ఉంటారు, సర్వర్లు పిల్లలతో ఆడతారు కూడా.

ఆటంటే గాంధీ బజార్ విద్యార్థి భవన్ చెప్పుకోవాలి. 1943లో విద్యార్థుల కోసం పెట్టిన టిఫిన్ హోటలు. శుక్రవారం సెలవు, మేం గురువారం వెళ్ళాం. అక్కడ సర్వరు చేతి మీద దోసె ప్లేట్లు ఒకదాని మీద ఒకటి నిచ్చెనలా పేర్చుకుని నడిచొస్తాడు. మా పాప నోరు తెరుచుకుని అలా చూస్తూనే ఉంది. తెరిచిన నోట్లో మా ఆవిడ చకచకా ముద్దలు పెట్టేసింది. ఆ పూట ఫోను అవసరమే రాలేదు.

ఫోను సంగతి కూడా చెప్పేస్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దంది, తక్కువైతే ఇంకా మంచిదంది. మేం ఆ లెక్కని ప్రతివారం తప్పుతూనే ఉన్నాం, దాచుకోను. కానీ గమనిస్తే మేం ఫోను ఇచ్చేది తినిపించడానికి కాదు, తిండి వచ్చేదాకా ఆపడానికి. ఆదివారం ఆ నాలుగున్నర స్టార్ల హోటల్లో ఏడున్నర నుంచీ వీడియోలు చూపిస్తే ప్లేటొచ్చేసరికి ఫోను లాక్కోవాల్సొచ్చింది, ఏడుపుకి అదీ ఒక కారణమే. తిండి త్వరగా వచ్చిన చోట ఫోను సంచీలోంచి తీయలేదు.

భాష కూడా కొంచెం నేర్చుకున్నాం. 'మగువిగె, ఖార బేడ' అంటే చాలు, పాపకి, కారం వద్దు అని. మన 'నాట్ స్పైసీ ప్లీజ్' కన్నా పదిరెట్లు పనిచేస్తుంది. అనేసరికి ఆ సర్వరు మొహమే మారిపోతుంది, పెద్దరికం వచ్చేస్తుంది. బెంగుళూరు మసాల దోసె లోపల చాలాచోట్ల ఎర్ర చట్నీ రాస్తారు, అది లేకుండా వెయ్యమని ముందే చెప్పాలి. దాని బదులు సెట్ దోసె చెప్తే ఏ గొడవా లేదు, దూదిలా ఉంటుంది. పెరుగన్నం మొసరన్న, వేడినీళ్ళు బిసి నీరు. త్వరగా అనడానికి బేగ. మా ఆవిడది శ్రీకాకుళం, "మా బేగీ వీళ్ళ బేగా ఒకటే" అని వారమంతా మురిసిపోయింది. సాంబారు తియ్యగా ఉంటుందని మనవాళ్ళు ఎప్పుడూ ఏడుస్తుంటారు కదా, బెల్లం వేస్తారని. ఆ తీపే మా పాపకి నచ్చింది. అక్కడ నాకు నోరు చచ్చిపోయింది నిజమే, కానీ నా నోటి కోసం మధ్యాహ్నం ఆంధ్రా మీల్స్ ఉండనే ఉంది. ఆకు వేసిన రెండో నిమిషంలో వేడన్నం, నెయ్యి, పెరుగు పక్కనే పెడతారు. కారాలు మనకి, నెయ్యన్నం, పెరుగన్నం పాపకి. బంతి భోజనమే అనుకోండి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నాలుగేళ్ళ లోపు వాళ్ళకి పల్లీలు, జీడిపప్పులు గింజలుగా పెట్టొద్దని పిల్లల డాక్టర్లందరూ చెప్పేదే. చిత్రాన్నంలో పల్లీలు, పొంగల్లో జీడిపప్పు, మిరియాలు ఏరాల్సిందే. మిరియం పంటికింద పడితే ఆ పూటకి పొంగల్ మీద నమ్మకం పోతుంది. నీళ్ళ ఫ్లాస్కూ, ఓ చిన్న స్టీలు గిన్నే, చెంచా మనవే ఉంటే మంచిది. ఇది నా తెలివి కాదు, మా అమ్మ ఫోన్లో "డబ్బాలో పెరుగన్నం కలిపి పట్టుకెళ్ళండ్రా" అని రోజూ పోరుతుంటే సగం విన్నాం.

రివ్యూల్ని అసలు చూడొద్దని నేననట్లేదు. చూసే పద్ధతి మార్చాను. స్టార్లు వదిలేసి రివ్యూల్లో 'కిడ్స్', 'టాడ్లర్', 'వెయిటింగ్' అన్న మాటలు వెతుకుతాను. ఒకటీ రెండు స్టార్లవాళ్ళు దేని మీద ఏడ్చారో చూస్తాను. 'కూర్చోగానే తెచ్చేస్తారు, తినగానే బిల్లు పెట్టి లేపేస్తారు' అని ఎవరైనా తిడితే అది నాకు పనికొచ్చే హోటలు. ఫోటోల్లో తిండి కాదు, కుర్చీలు చూస్తాను. ఏ టైముకి రద్దీ ఉంటుందో మ్యాప్‌లో గీతలు చూపిస్తారు కదా, అవి చూస్తాను. పిల్లలకు అనువైనది అన్న ట్యాగుని మాత్రం నమ్మను. అది ఓనరు టిక్కు పెట్టుకోవచ్చు, లేదా దారినపోయే ఎవర్నో అవునా కాదా అనడిగి పెట్టొచ్చు.

డయపర్ పలక విషయం మాత్రం హోటళ్ళకి చెప్పి తీరాలి. అమెరికాలో 2016లోనే చట్టం చేశారు, జనం వచ్చే ఫెడరల్ ప్రభుత్వ భవనాల్లో మగవాళ్ళ టాయిలెట్లలో కూడా ఆ పలక ఉండాలని. మన దగ్గర చట్టం దాకా అక్కర్లేదు, గోడకి ఒక చెక్క బిగించడమే కదా. ఆడవాళ్ళ వైపు మాత్రమే బిగించారంటే ఆ పని ఎవరిదో వాళ్ళే తేల్చేసినట్టు. నాలాంటివాడికి అది భలే సౌకర్యంగా కూడా ఉంటుంది, వీరుడిలా లేచి మళ్ళీ కూర్చోవచ్చు.

"చిన్నపిల్లలున్నవాళ్ళు హోటళ్ళకి రాకపోతేనేం, ఇంట్లో తినొచ్చుగా" అనేవాళ్ళుంటారని తెలుసు. 2019లో నేనూ అన్నాను. ఊరుగాని ఊళ్ళో ఇల్లెక్కడిది? రూములోకి తెప్పించుకోవచ్చు కదా అంటారా, సోమవారం నేను ఆఫీసుకెళ్తే మా ఆవిడ అదే చేసింది. మంచం మీద పేపరు పరిచి, ప్లాస్టిక్ డబ్బాలు విప్పి, పాప దుప్పటి మీద పోసిన సాంబారు తుడుచుకుంటూ. అంత మాత్రానికి బెంగుళూరు దాకా రావడం ఎందుకు, హైదరాబాదులో ఆ నాలుగ్గోడలే నయం కదా.

శనివారం మధ్యాహ్నం మా బస్సు. పొద్దున్న ఏడింటికి రూము దగ్గర దర్శినికి వెళ్ళాం, అప్పటికి ఆ కౌంటరతను మమ్మల్ని గుర్తుపడుతున్నాడు. మూల టేబులు, గోడవైపు పాప. సెట్ దోసె రాగానే ప్లేటు నా వైపు లాక్కుని నేనే తుంచి పెట్టడం మొదలెట్టాను. నా చేత్తో తినడానికి కాసేపు మారాం చేసింది, సాంబారు చొక్కా మీద పోసింది, తర్వాత దారికొచ్చింది. ఎదురుగా మా ఆవిడ మసాల దోసె మొత్తం తిని, ఎర్ర చట్నీ సహా, ఇంకో కాఫీ చెప్పింది. నా దోసె సంగతి అడిగితే, "ఇందాకే వచ్చింది, చల్లారిపోయినట్టుంది, ఇంకోటి చెప్పనా?" అంది నవ్వుతూ.

వద్దని అదే తిన్నాను. బాగా గట్టిపడింది.